ఆ టిక్కీలకు బూజు పట్టించింది మా అక్క ఆశ కాదు

మా వైపు నాకొక మంచి పేరుంది. పైసా మీద ఆశ లేని మనిషినని చెప్పుకుంటారు. పెళ్ళి భోజనాల దగ్గర కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేసేటప్పుడు ఊరి పేరూ ఇంటి పేరూ అయ్యాక ఆ మాట కూడా కలుపుతారు. మా అక్కకు ఇంకో పేరుంది. ఆశపోతు అంటారు. తన ఆశతో తమ్ముడి కష్టాన్ని కూడా ముంచిందని అంటారు. ఈ రెండు పేర్లూ ఒకే అబద్ధంలోంచి పుట్టాయి. ఆ అబద్ధం ఆడింది నేను. యాభై దాటాక ఇప్పుడు దాన్ని సరిచేద్దామని కూర్చున్నాను.

ముందు మా అక్క గురించి చెప్పాలి.

డబ్బు కావాలనుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. గుంటూరు మిర్చి యార్డుకి వెళితే కనపడేదంతా వాళ్ళే. కానీ కావాలని పైకి అన్న మనిషిని మా అక్కనొక్కదాన్నే చూశాను. మా వైపు రైతును పంట ఎలా ఉందని అడిగితే, "ఏదో, ఖర్చులొస్తే చాలు" అంటాడు. మూడంతస్తుల ఇల్లు కట్టినవాడు కూడా "ఏముందండీ, ఏదో గంజి తాగుతున్నాం" అంటాడు. దిష్టి భయం కొంత, అప్పు అడుగుతారని భయం కొంత. మా అక్కను అడిగితే, "బాగా వచ్చింది. ఇంకా రావాలి" అనేది. ఆ "ఇంకా"ను ఎంత నిండుగా అనేదంటే, విన్నవాళ్ళు ఒక క్షణం ఆగిపోయేవాళ్ళు.

అక్కకు పదో తరగతితో చదువు మాన్పించి పక్క ఊరికే ఇచ్చారు. బావ నెమ్మదస్తుడు, ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనిషి కాదు. చేను, కూలీలు, బేరాలు అన్నీ అక్కే చూసుకునేది. ఒకసారి మిరపకాయ కోతల్లో నేను వాళ్ళ చేలో ఉన్నాను. మధ్యాహ్నం సద్దులు విప్పి గట్టు మీద కూర్చున్నప్పుడు ఆడవాళ్ళలో ఎవరో అడిగారు, బాగా డబ్బొస్తే ఎవరేం చేస్తారని. ఒకామె పిల్లల చదువులంది. ఒకామె తిరపతి కొండకు నడిచిపోతానంది. మా అక్క మజ్జిగన్నం కలుపుతూ, తలెత్తకుండా చెప్పింది.

"నేను కారు కొంటా. డ్రైవర్ని పెట్టుకుంటా. వెనక సీట్లో కూర్చుంటా. ఇదే డొంకలో ఆపించి, అద్దం దించి, ఏమ్మా, కాయ బాగా దిగిందా అని మిమ్మల్నే అడుగుతా."

"మమ్మల్ని ఎక్కించుకోవా అక్కా?"

"మిరప ఘాటు చీరల్తో నా సీట్లెక్కుతారంటే! స్నానాలు చేసి రండి, అప్పుడు చూద్దాం."

అందరూ పడీపడీ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నేనొక్కణ్ణే నవ్వలేకపోయాను. ఎందుకంటే ఆ కారు నాక్కూడా కావాలి. ఆ డొంకలోనే, ఆ అద్దమే దించాలి. అదే కోరికను నేను ఎప్పటినుంచో లోపల దాచుకుని, ఇంకెవరికైనా కనపడుతుందేమోనని సిగ్గుపడుతూ ఉంటే, ఆవిడ దాన్ని మజ్జిగన్నంతో పాటు అందరి ముందూ పెట్టేసింది.

నేను గుంటూరులో బీకాం చదివాను. సాయంత్రాలు స్నేహితులు సినిమాకు వెళితే, నేను పెద్ద వ్యాపారస్తుల ఇళ్ళున్న వీధుల్లో నడిచేవాణ్ణి. గేట్లు చూసేవాణ్ణి. గేటుకు ఇత్తడి ఎంత వాడారు, మెట్లకు ఏ రాయి వేశారు, మేడ మీది గదిలో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, అవన్నీ చూసుకుని హాస్టలుకొచ్చి, డబ్బున్నవాళ్ళకు మనశ్శాంతి ఉండదురా అనేవాణ్ణి. చదువయ్యాక ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పడానికి చేరాను. లాభం అంటే ఏమిటో పిల్లలకు బోర్డు మీద రాసి చూపించేవాణ్ణి, టీకొట్టు దగ్గర మాత్రం ఆ మాట ఎత్తడం లేకి పని అన్నట్టు కూర్చునేవాణ్ణి. ఇది వినయం కాదు. కావాలని చెప్పి సంపాదించలేకపోయినవాణ్ణి ఊరు జీవితాంతం ఎగతాళి చేస్తుంది. కావాలని చెప్పనివాడికి ఆ బాధ లేదు. వస్తే దేవుడిచ్చాడు, రాకపోతే ఎప్పుడడిగాడు కనక. నేను ఆ చాటున బతికాను.

అలాంటివాణ్ణి అక్కతో కలిసి కౌలుకు దిగాను. వాళ్ళ ఊరి పొలిమేరలో మంచి నల్లరేగడి దొరికింది, ఇద్దరం చెరిసగం అనుకున్నాం. తేజ రకం మిరప వేశాం. కాలేజీకి సెలవైన రోజుల్లో నేను, మిగతా రోజుల్లో అక్క. మొదటి ఏడాది కాయ విరగకాసింది. మా వైపు చేలను మాఘమాసంలో చూడనివాళ్ళకు దాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. కల్లాల్లో కాయ ఆరబోస్తే నేల కనపడదు, గట్టు నుంచి గట్టు దాకా ఎరుపే. ఎండ దాని మీద పడి మన ముఖాల మీదికి తిరిగొస్తుంది. ఆ కల్లం అంచున నిలబడితే మా అక్క ముఖం రాగిచెంబులా ఉండేది.

ఆ ఏడు సగం కాయను వెంటనే అమ్మి, సగం ఏసీలో పెట్టింది అక్క. మేము కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటాం. కాయను గోతాల్లో తొక్కి నింపిన బస్తాను టిక్కీ అంటాం. మా టిక్కీలు దింపుతుంటే లోపలికి వెళ్ళి చూస్తానని అక్క పట్టుబట్టింది. ఆడవాళ్ళెవరూ రారమ్మా అన్నాడు అక్కడి సూపర్‌వైజరు. "నా కాయ పడుకునే చోటు నేను చూడొద్దా?" అంది. చివరికి ఆయనే తలుపు తీశాడు. జానెడు మందం తలుపు. లోపల చలి, చీకట్లో అక్కడక్కడా చిన్న దీపాలు. చెక్క అంతస్తులు పైకి పోతూనే ఉన్నాయి, ప్రతి అంతస్తు మీదా టిక్కీల మీద టిక్కీలు, ఇటు చివర నుంచి అటు చివర కనపడనంత. ఎన్ని ఊళ్ళ కాయో అది. బయట కళ్ళు మండించే మిర్చి, అక్కడ వాసన కూడా లేకుండా నిద్రపోతున్నట్టుంది. మా నోళ్ళలోంచి పొగ వస్తోంది. నేను తల పైకెత్తి చూస్తూ నిలబడ్డాను. అక్క చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, మెల్లగా అంది.

"ఒరేయ్, ఇదంతా ఎవరిదో తెలుసా?"

"రకరకాల రైతులదీ, షావుకార్లదీ అక్కా."

"కాదురా. ఓపికున్నోడిది."

ఆ ఏడు మా టిక్కీలు బయటికి వచ్చేనాటికి మంచి ధర పలికింది. యార్డులో కమీషన్ దుకాణం ఆయన అక్కకు కుర్చీ వేయించాడు. "మీ అక్క చెయ్యి మంచిదయ్యా" అన్నాడు నాతో. అప్పటికే అక్క కన్ను ఇంకోదాని మీద పడింది. అద్దంకి వెళ్ళే రోడ్డు పక్కన ఒక పాత కారం మిల్లు ఉంది. కాయ అమ్మడం కాదు, కారం అమ్మాలి అనేది. మిల్లాయన్ను కలిసి బేరం కూడా ఆడి వచ్చింది. ఇంకొక్క పంట చేతికొస్తే మొదటి వాయిదా కట్టేయొచ్చని లెక్క వేసుకుంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ కళ్ళలో వెలుగు చూసి నాకు అసూయ పుట్టింది. డబ్బు కోసం కాదు, అంత ధైర్యంగా కోరుకోగలిగినందుకు.

రెండో ఏడు కూడా పంట బాగానే వచ్చింది. కాయ ఆరి, తాలుకాయ ఏరించి, ఇక టిక్కీలు తొక్కించే రోజుకు బావకు విషజ్వరం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. అక్క ఆయన దగ్గరే ఉండిపోయింది. వెళ్ళేముందు నాతో చెప్పింది.

"ఈసారి ఆగొద్దురా. ఉన్న ధరకు మొత్తం అమ్మెయ్. మిల్లాయన ఎదురుచూస్తున్నాడు."

ఊళ్ళో అందరూ అనుకుంటున్నట్టు ఆ ఏడు ఆగుదామన్నది అక్క కాదు. ఆవిడ అమ్మేయమంది.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. బాగా ఎండిన కాయను అలాగే గోతాల్లో తొక్కితే పొడిపొడి అయిపోతుంది. అందుకని ముందురోజు సాయంత్రం కుప్ప మీద కాసిని నీళ్ళు చిలకరించి పట్టా కప్పుతాం. తెల్లారేసరికి కాయ మెత్తబడి, తొక్కినా విరగకుండా ఉంటుంది. అందరూ చేసేదే. అయితే నీళ్ళు కాస్త ఎక్కువ చల్లితే తూకం కూడా పెరుగుతుంది. ఇది కూడా చాలామంది చేసేదే, ఎవరూ చెప్పుకోరు. ఆరోజే అమ్ముడుపోయే కాయకు దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. ఏసీకి వెళ్ళే కాయకు మాత్రం తడి విషం. అక్క ఆ విషయంలో కర్కశంగా ఉండేది. "ఏసీకి పోయే కాయ చేత్తో ఊపితే గలగలమనాలి" అనేది. మొదటి ఏడు తనే పిడికిలి పిడికిలి ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విని పంపింది.

తొక్కించే ముందురోజు సాయంత్రం, కూలీలు వెళ్ళిపోయాక కల్లంలో నేనొక్కణ్ణే ఉన్నాను. మందు కొట్టడానికి వాడే నీళ్ళ డ్రమ్ము పక్కనే ఉంది. చిలకరించడం మొదలుపెట్టాను. అక్క ఉంటే చెంబు లెక్క చెప్పి ఆపేసేది. అక్క లేదు. ఎల్లుండి అమ్మేసే కాయే కదా అనుకున్నాను. ఇంకో చెంబు. ఇంకో చెంబు. నేను జీవితంలో ఎప్పుడూ పైకి అనని ఆ "ఇంకా" అనే మాట, మనిషి లేని ఆ కల్లంలో నా చేతుల్లోంచి పోతూనే ఉంది. నాకు భయం వేసింది, ఆనందం కూడా కలిగింది. నాలో ఇంత ఉందా అనిపించింది. డ్రమ్ము అడుగు కనపడ్డాక పట్టా కప్పి ఇంటికి వెళ్ళాను.

మర్నాడు టిక్కీలు తొక్కించి, ఆ మర్నాడు లారీ మీద యార్డుకి తోలాను. యార్డు నిండా ఒకటే మాట. కొనేవాళ్ళు బయటి నుంచి వచ్చారట, ధర లేస్తోందట, నెల ఆగితే ఎక్కడికో పోతుందట. కమీషన్ దుకాణం ఆయన రాత్రికి రాత్రి సరుకు మొత్తం ఏసీకి మళ్ళించిన రైతుల సంగతి చెప్పాడు. అక్క అమ్మేయమంది. అయితే అక్కే ఉంటే ఆగేది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. బయటికొచ్చి ఫోన్ చేశాను.

"అక్కా, బావకెట్టా ఉంది?"

"జ్వరం దిగట్లేదురా. అమ్మావా?"

"ధర లేస్తోందంటున్నారు. మామూలప్పుడైతే నువ్వు ఆగేదానివేగా?"

"ఆ... ఆగేదాన్నే. ఒరేయ్, డాక్టరొస్తున్నాడు, పెట్టేస్తున్నా."

అంతే. ఆ "ఆగేదాన్నే" అన్న ఒక్క మాట పట్టుకుని లారీని ఏసీ వైపు తిప్పించాను. దారిలో తడి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఒక టిక్కీ మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, మెత్తగా తగిలింది. మళ్ళీ దింపి ఆరబెట్టాలంటే రెండు రోజులు, కూలీ, పైగా ఎందుకు తడిపావని నలుగురూ అడుగుతారు. లోపల చలికి ఏమీ కాదులే అనుకున్నాను. నా ఆశ నాకు కనపడకుండా ఉండాలని, దాన్ని అక్క మాటలో చుట్టి లోపలికి పంపాను.

ధర నిజంగానే పెరిగింది. అమ్ముదామని వెళ్ళి టిక్కీలు తీయించాం. మొదటి గోతం మూతి విప్పగానే ముక్కిన వాసన కొట్టింది. కాయ ఎరుపు పోయి నల్లబారి ఉంది, చెయ్యి పెడితే బూజు తెల్లగా వేళ్ళకు అంటుకుంది. రెండోదీ అంతే. కమీషన్ దుకాణం ఆయన ఒక కాయ తుంచి, గింజలు చూసి, ఏమీ అనకుండా కింద పడేశాడు. సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచి, "తడి కాయ పెట్టారండీ" అన్నాడు. "పక్కవాళ్ళ సరుకు చూడండి, ఎలా మెరుస్తోందో."

అక్క గోతం ముందు గొంతుక్కూర్చుని ఉంది. నేను దగ్గరికి వెళితే తలెత్తి అడిగింది.

"తడి గానీ ఉందేంట్రా?"

"లేదక్కా. నువ్వు చెప్పినట్టే ఆరబెట్టా."

"గలగలమందా?"

"ఆ. గలగలమంది."

ఆవిడ నా ముఖం వైపే చూసింది. నన్ను నమ్మడానికి ఆవిడకు ఏ ఇబ్బందీ కలగలేదు.

"తడి లేకపోతే మరి నా ఆశేరా ఇది" అంది. "నేను ఆగేదాన్నే అన్నా. అమ్మేయమని చెప్పి, మళ్ళీ ఆగేదాన్నే అన్నా."

నేను అప్పుడు చెప్పాల్సింది. చుట్టూ మనుషులున్నారు. చెప్పలేదు. ఇంటికి వెళ్ళాక చెబుదామనుకున్నాను. ఇంటి దగ్గర మా అమ్మ అప్పటికే అక్కను తిడుతోంది, నీ ఆశకు వాణ్ణి కూడా బలిచేశావే అని. ఎవరో వచ్చి నన్ను ఓదార్చారు. "నీకు తెలియదు బాబూ, నువ్వు ఆశలేనివాడివి. ఆవిడ వెనక పోయి నాశనమయ్యావు." ఆ మాట వింటుంటే నా బాధ కొంచెం తగ్గింది. తగ్గిందని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

కొన్ని వారాల తర్వాత అక్క అమరావతి వెళ్దామంది. నేనే తీసుకెళ్ళాను. కృష్ణలో మునిగి, అమరేశ్వరుణ్ణి చూసుకుని, మెట్ల మీద తడిచీరతో కూర్చుంది. కాశీ వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి వస్తారు కదా, ఇక జన్మలో తినమని. అక్క కాశీ దాకా పోలేనని ఇక్కడే వదిలేశానంది.

"ఏం వదిలావక్కా?"

"ఇంకా కావాలనుకోడం వదిలేశానురా."

నది ఆ రోజు నిండుగా పోతోంది. ఇంత పెద్ద మాట ఇంత మామూలుగా అనగలిగిన మనిషి పక్కన నేను కూర్చున్నానని తెలుసు. అది దేవుడి మీద భక్తి కాదనీ, నా అబద్ధం అడిగిన మూల్యమనీ కూడా తెలుసు. అయినా లేచి, "పద అక్కా, బస్సు టైమైంది" అన్నాను.

మాటంటే మాటే ఆవిడకు. కౌలు మానేసింది. ఉన్న చేలో వరీ, కాస్త మినుములూ వేసుకుంది. పంట ఎలా ఉందని అడిగితే, "ఖర్చులొస్తే చాలు" అనడం నేర్చుకుంది. మొదటిసారి ఆ మాట ఆవిడ నోట విన్నప్పుడు, ఒక పెద్ద ఏరు ఉన్నట్టుండి ఇంకిపోతే గట్టున నిలబడ్డవాడికి ఎలా ఉంటుందో అలా ఉంది.

నేను మాత్రం పైకి వచ్చాను. కాలేజీలో ప్రిన్సిపాల్నయ్యాను. మాట బాగా చెబుతానని రైతుల సమావేశాలకూ, గ్రంథాలయ వార్షికోత్సవాలకూ పిలిచేవాళ్ళు. అక్కడ నేనొక కథ చెప్పేవాణ్ణి. ఒక రైతు దంపతులు, మంచి ధర ఉన్నా ఆశకు పోయి సరుకు ఆపుకున్నారు, చివరికి బూజు మిగిలింది, అని. ఎవరి పేరూ చెప్పేవాణ్ణి కాదు, చెప్పనవసరం లేదు కూడా, అందరికీ తెలుసు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒకసారి వాళ్ళ ఊళ్ళోనే చెప్పాను. ముందు వరసలో అక్క కూర్చుని ఉంది. ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. సభ అయ్యాక దగ్గరికొచ్చి, "బాగా చెప్పావురా. పిల్లలకు తెలియాల్సిందే" అంది.

ఆ తర్వాత ఆ కథ ఇంకెక్కడా చెప్పలేకపోయాను. అసలు సంగతి చెప్పే ధైర్యం కూడా రాలేదు.

ఈ ఎండాకాలం బావ నాకు ఫోన్ చేశాడు. అద్దంకి రోడ్డు మీది కారం మిల్లాయన పెద్దవాడయ్యాడట, అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట. ఎన్నాళ్ళ కిందటో అడిగిన మా అక్కనే గుర్తుపెట్టుకుని ముందు వాళ్ళింటికి వచ్చాడట.

"డబ్బు సర్దొచ్చయ్యా" అన్నాడు బావ. "వరి పొలం కొంత అమ్మితే సరిపోద్ది. ఇదేమో వద్దంటే వద్దంటోంది. నీ మాటంటే వింటది, ఒకసారి రా."

వెళ్ళాను. అక్క వసారాలో పీట మీద కూర్చుని ఇంట్లోకి ఏడాదికి సరిపడా మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. బావ కుర్చీ వేసి, మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళాడు.

"మిల్లు తీసుకోవచ్చుగా అక్కా."

"నీకెందుకురా ఇప్పుడు ఆ గోల."

"నీకు కావాలని తెలుసు."

"కావాలనుకుంటే ఏమయిందో చూశావుగా. నా చెయ్యి పడితే బూజేరా. మీ బావని కూడా ముంచమంటావా?" చేతులు ఆగలేదు, తొడిమలు తీస్తూనే ఉంది. "నవ్వొస్తది గానీ, ఆయన వచ్చి మిల్లు అనగానే నాకు మళ్ళీ కావాలనిపించింది. వెంటనే దండం పెట్టుకున్నా, మళ్ళీ పుట్టిందయ్యా, తీసెయ్యమని."

ఆ మాట తర్వాత నేనిక ఆగలేకపోయాను. "అక్కా, ఆ కాయ తడిదే" అన్నాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఏ కాయ?"

"మనది. నేనే తడిపా. అమ్మేసేదేగా, తూకం వస్తదని. తర్వాత యార్డులో ధర చూసి ఆశపుట్టి ఏసీకి తోలా. నువ్వు ఆగమనలేదు. నీతో అనిపించింది నేనే."

ఆవిడ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న నేను అనుకున్నది కాదు.

"ఎన్ని నీళ్ళు?"

"డ్రమ్ము."

"ఏ డ్రమ్ము? మందు కొట్టేదా?"

"అదే."

"మొత్తం?"

తలూపాను. ఆవిడ మనసులో ఆ కుప్పను మళ్ళీ చూస్తోందని, ఆ నీళ్ళను దాని మీద కొలిచి పోసుకుంటోందని నాకు తెలిసింది. పెదవులు కదిలాయి. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు వినలేకపోయాను.

"ఇన్నేళ్ళూ దేవుడు చేశాడనుకున్నానురా" అంది. "నువ్వా!"

మజ్జిగ గ్లాసులతో వచ్చిన బావ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా..."

"లే. డబ్బు పోయిందని కాదు, పోతే సంపాదిస్తాం. నాకు కావాలన్నందుకు నన్ను నేనే అసహ్యించుకున్నా. గుడికి పోయి లెంపలేసుకున్నా. నువ్వు పక్కన కూర్చుని బస్సు టైమైందన్నావు. లే ముందు. నా గుమ్మం తొక్కకు."

నేను లేచాను. బావ వైపు తిరిగి ఆవిడ అన్న మాట వాకిట్లోకి వచ్చాక కూడా వినపడింది. "మిల్లాయన నంబరుందా? చెయ్యి ఫోను. రేపొస్తున్నామని చెప్పు."

బావ ద్వారానే తర్వాత ఒక కబురు వచ్చింది. ఆ కథ ఎక్కడెక్కడ చెప్పాడో అక్కడికల్లా పోయి అసలుది చెప్పమను, అని. న్యాయమే అనిపించింది. వాళ్ళ ఊళ్ళోనే మొదలుపెట్టాను. గ్రంథాలయం దగ్గర పదిమందిని కూర్చోబెట్టి, తడిపింది నేను, మళ్ళించింది నేను, అబద్ధమాడింది నేను అని చెప్పాను. అంతా విన్నారు. చివర్లో ఒక పెద్దాయన లేచి కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారా, తోడబుట్టినదాని తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇట్టాంటి మనిషి ఈ కాలంలో ఎక్కడుంటాడయ్యా!"

కాదండీ, నిజమేనని అన్నాను. ఎంత గట్టిగా అంటే అంత గౌరవంగా చూశారు. రెండో ఊళ్ళోనూ ఇంతే. మంచితనం అనే పేరు ఒకసారి అంటుకుంటే, దాని లోపల దొంగను దాచుకోవడం ఎంత తేలికో, బయటికి లాగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అందుకే ఇలా డ్రమ్ముతో సహా, ఫోనులో అన్న మాటలతో సహా రాస్తున్నాను. నేను గొప్పవాణ్ణని కాదు, నాకు డబ్బు కావాలని రాస్తున్నాను. అప్పుడూ కావాలి, ఇప్పటికీ కావాలి. మా అక్కకు కావాలి అంటే అందులో పని ఉంది, రోడ్డు ఉంది, మిల్లు ఉంది. నాకు కావాలి అంటే అందులో ఒక చెంబూ చీకటీ మాత్రమే ఉన్నాయి. కోరిక తప్పు అనుకున్నాను ఇన్నాళ్ళూ. నేను దాన్ని పెట్టిన చోటు తప్పు.

మిల్లు ఇప్పుడు అక్కది. మొన్న మా ఇంటి కాయలు సంచిలో వేసుకుని, కారం పట్టించడానికి వెళ్ళాను. నలుగురి వెనక వరసలో నిలబడ్డాను. లోపల యంత్రం హోరు, గాల్లో ఎర్రటి దుమ్ము, అందరికీ తుమ్ములు. మా అక్క ముక్కుకు తువ్వాలు కట్టుకుని, కాటా దగ్గర నిలబడి, అందరి మీదా అరుస్తోంది. కనుబొమల మీద కూడా కారం పేరుకుని ఉంది. ఆ మనిషి అంత ఎత్తుగా కనపడడం నేనెప్పుడూ చూడలేదు.

నా వంతు వచ్చింది. సంచి తూచింది. నా ముఖం చూసింది.

"సన్నగా పట్టాలా, బరకగానా అండీ?"

అండీ అంది. పుట్టినప్పటి నుంచీ ఒరేయ్ అన్న మనిషి. సన్నగానేనని చెప్పాను. అందరి దగ్గరా తీసుకున్నంతే తీసుకుంది, ఒక్క రూపాయి తగ్గించలేదు. సంచి తిరిగి నా చేతికి వచ్చేసరికి వేడిగా ఉంది.

నేను పక్కకు జరగకముందే ఆవిడ నా వెనకున్న ఆయన్ను పలకరించింది. మిల్లు పక్కనున్న ఖాళీ స్థలం ఆయనదట.

"ఎంతకిస్తారు?"

"ఏం చేసుకుంటావమ్మా అంత స్థలం? మిల్లు తీసుకుని ఇంకా నిండా నెలన్నా కాలేదుగా."

"కొన్నాక చూద్దురుగాని ఏం చేస్తానో. ధర చెప్పండి."

ఆయన చెప్పాడు. ఆవిడ తువ్వాలు కిందికి లాగి, అందులో సగం చెప్పింది. వరసలో వాళ్ళు నవ్వారు. వెనక నుంచి ఎవరో జరగమంటే నేను సంచి పట్టుకుని జరిగాను. రోడ్డు మీదికి వచ్చేదాకా ఆ యంత్రం హోరు మీంచి ఆవిడ గొంతే వినపడుతోంది. బేరం ఇంకా తెగలేదు.